చూడనిదాన్ని చెప్పడం: మస్ట్ హావ్, మైట్ హావ్, కాంట్ హావ్

(గుంటూరు బ్రాడీపేటలో డిగ్రీ విద్యార్థులకు, పోటీ పరీక్షలకు చదువుతున్నవారికి ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. బోర్డు లేదన్నారు. మంచిదే. బోర్డుంటే మీరు వెంటనే పెన్నులు తీసి ఫార్ములా రాసేసుకుంటారు. మస్ట్ ప్లస్ హావ్ ప్లస్ వి త్రీ. ఆ ఫార్ములా మీకు ఇంటర్లోనే చెప్పారు కదా? వి త్రీ అంటే ఏంటని అడిగేవాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. గో, వెంట్, గాన్. గాన్ అన్నది వి త్రీ. అయిపోయింది. మరి ఫార్ములా వచ్చినవాళ్ళకి నేనేం చెప్పాలి? జరిగిపోయినదాన్ని ఊహించి చెప్పే ఆ వాక్యం ఎవరు అనొచ్చు, ఎవరు అనకూడదు, అది చెబుతాను. ఈ ముక్క గైడుల్లో ఉండదు.

గైడుల్లో ఏముంటుంది? పట్టిక ఉంటుంది. మస్ట్ హావ్ అంటే తొంభై అయిదు శాతం, మే హావ్ అంటే యాభై, మైట్ హావ్ అంటే ముప్పై. ఎవరు కొలిచారండీ వీటిని? మీరు మాట్లాడేటప్పుడు శాతాలు లెక్కేసుకుని మాట్లాడతారా? ఆ పట్టికని దయచేసి మర్చిపోండి. పరీక్షలో అడిగితే రాయండి, మార్కు తెచ్చుకోండి, బయటికొచ్చాక మర్చిపోండి.

ఇప్పుడు విజయవాడకి వెళ్దాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ మునిగిపోయింది. ఈ హాల్లో అటువైపు చుట్టాలు లేనివాళ్ళు తక్కువే అనుకుంటా. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సరే, ఆ సంగతులన్నీ మీకు తెలుసు. నేను చెప్పేది నీళ్ళు తీసేశాక గోడమీద మిగిలిన చార గురించి. చూశారా ఆ చార? హాల్లో, వంటింట్లో, దేవుడి గూటి పక్కన, ఇల్లంతా ఒకే ఎత్తులో బురదరంగు గీత.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరున్నారనుకోండి. ఒకాయన ఇంటాయన. నీళ్ళొస్తుంటే సామాను మంచమ్మీదికెక్కించి, మంచం కూడా మునుగుతుంటే డాబా మీదికెక్కి, అక్కడే ఉన్నాడు. రెండో ఆయన బావమరిది, వారం తర్వాత హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇద్దరూ ఆ చారని చూపిస్తున్నారు. బావమరిది ఏమంటాడు? "నీళ్ళు ఇక్కడిదాకా వచ్చుంటాయి బావా." ఇంటాయన ఏమంటాడు? "వచ్చాయిరా." అంతే. ఆయన వచ్చుంటాయి అనడు. ఎందుకనడు? ఆయన చూశాడు కాబట్టి.

ఇదే ఇంగ్లీషులో పెట్టండి. బావమరిది: ది వాటర్ మస్ట్ హావ్ కమ్ అప్ టు హియర్. ఇంటాయన: ది వాటర్ కేమ్ అప్ టు హియర్. ఏది గట్టి వాక్యం? చెప్పండి. ఏమ్మా, నువ్వు చెప్పు. మస్టా? ఎక్కువమంది మస్ట్ అనే అంటారు. మస్ట్ అనేసరికి బల్ల గుద్ది చెప్పినట్టు వినపడుతుంది మనకి. కానీ చూడండి, బల్ల గుద్దాల్సిన అవసరం ఎవరికొచ్చింది? చూడనివాడికి. చూసినవాడు మామూలు గొంతుతో కేమ్ అంటాడు, ఊరుకుంటాడు. మస్ట్ హావ్ ఎంత గట్టిగా అన్నా సరే, కేమ్ అనే సింపుల్ పాస్ట్ కంటే ఒక మెట్టు కిందే. అందులో ఒక ఒప్పుకోలు ఉంది: నేనక్కడ లేను, చారని చూసి చెబుతున్నాను.

ఇదేదో వ్యాకరణంలో సున్నితం, మనకెందుకులే అనుకోకండి. ఆ ఇంటాయనే ఇన్సూరెన్సుకి ఇంగ్లీషులో అర్జీ రాశాడనుకోండి. ఎవరో కుర్రాడి చేత రాయించాడు. ఆ కుర్రాడు బాగుంటుందని రాశాడు: ది వాటర్ మస్ట్ హావ్ ఎంటర్డ్ ది హౌస్ ఆన్ సండే మార్నింగ్. అవతల చదివేవాడు మొదట ఏమడుగుతాడు? ఆదివారం మీరు ఇంట్లో లేరా అని అడుగుతాడు. అడగడా మరి? ఎంటర్డ్ అని రాస్తే ఆ ప్రశ్నే రాదు. చూసింది చూసినట్టు సింపుల్ పాస్ట్‌లో చెప్పుకోండి. దానికి మస్ట్, మైట్ లాంటి మోడల్ తగిలిస్తే మీ సాక్ష్యం మీరే తగ్గించుకున్నట్టు.

ఆ వరదలోనే ఇంకో ముక్క. కొన్ని పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, గేట్లకి సరితూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇది జరిగింది. హిట్, డ్యామేజ్డ్. ఇక్కడ మోడల్ అక్కర్లేదు. ఆ పడవలు కట్టినచోటు నుంచి ఎలా ఊడాయి? ఆ మొదటిరోజు టీవీ ముందు కూర్చుని మనమందరం చెప్పేశాం. తాళ్ళు తెగుంటాయి, ఎవరో వదిలేసుండొచ్చు, సరిగ్గా కట్టుండరు. ఆ మూడూ మూడు మోడల్సే. ఒకే సంఘటనలో సగం పాస్ట్ టెన్స్‌లో ఉంది, సగం మోడల్‌లో ఉంది. ఏది ఎక్కడ మారిందో గమనించండి. కళ్ళకి కనపడింది ఎక్కడ అయిపోయిందో అక్కడ మారింది.

చూశారుగా, నేను తెలుగులో మాట్లాడుతూనే మూడు రకాలు వాడేశాను. మీరూ పొద్దున్నించి రాత్రిదాకా వాడతారు. వచ్చుంటాడు, వచ్చుండొచ్చు, వచ్చుండడు. ఈ తేడా మీకు పుట్టుకతో వచ్చు. మస్ట్ హావ్, మైట్ హావ్, కాంట్ హావ్ అని మీకు కొత్తగా ఆలోచన నేర్పక్కర్లేదు. ఒక్కచోటే మన తెలుగు మనల్ని పడేస్తుంది. "ఈపాటికి వచ్చి ఉండాలి." ఇది రెండు రకాలుగా అంటాం. వచ్చేశాడనే నమ్మకంతో అంటాం. రాలేదే అని విసుక్కుంటూ కూడా అంటాం. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. వచ్చేశాడని నమ్మితే హి మస్ట్ హావ్ కమ్. రావాల్సినవాడు, ఏంటో ఇంకా కనపడలేదు అంటే హి షుడ్ హావ్ కమ్ బై నౌ.

బెజవాడ స్టేషన్లో నిలబడి చూడండి. రత్నాచల్ ఎక్కే ఫ్రెండుని దింపడానికి వచ్చారు, ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ప్లాట్‌ఫారం మీద ఒక్కరు లేరు, టీ అమ్మేవాడు ఫ్లాస్కు సర్దుకుంటున్నాడు. ఏమంటారు? ది ట్రెయిన్ మస్ట్ హావ్ లెఫ్ట్. అదే ప్లాట్‌ఫారం నిండా జనం, పెట్టెలు, పిల్లలు, టైము దాటిపోయింది. అప్పుడు? ది ట్రెయిన్ షుడ్ హావ్ లెఫ్ట్ బై నౌ. మస్ట్‌కి ఆధారం ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్‌ఫారం. షుడ్‌కి ఆధారం టైంటేబుల్. టైంటేబుల్‌ని ఎంత నమ్మొచ్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మనవాళ్ళందరికీ ఉన్న అలవాటు. వుడ్ హావ్. హి వుడ్ హావ్ రీచ్డ్ బై నౌ. ఇంటర్వ్యూల్లో, ఆఫీసుల్లో, ఎక్కడ చూసినా ఇదే. తప్పా అంటే పూర్తిగా తప్పనను. ఇంగ్లీషువాళ్ళూ పాత సంగతులు ఊహించి చెప్పేటప్పుడు దట్ వుడ్ హావ్ బీన్ మై గ్రాండ్‌ఫాదర్ అంటారు. కానీ ఈపాటికి చేరుంటాడు అనడానికి వుడ్ హావ్ అంటే, వినేవాడు ఇఫ్ కోసం ఎదురుచూస్తాడు. బస్సు దొరికుంటే చేరేవాడు అన్నట్టు, అంటే చేరలేదన్నట్టు వినపడే ప్రమాదం ఉంది. హి విల్ హావ్ రీచ్డ్ బై నౌ అనండి. విల్ అంటే భవిష్యత్తు కదా సార్ అని వెనక ఎవరో గొణుగుతున్నారు. కాదు నాన్నా. ఇక్కడ విల్ నీ నమ్మకాన్ని చెబుతుంది. ఆయన సంగతి నాకు తెలుసు, పొద్దున్నే బయల్దేరే మనిషి, చేరే ఉంటాడు, అని.

ఇప్పుడు కాదనడం. అసలు కష్టం ఇక్కడుంది. మస్ట్ హావ్‌కి వ్యతిరేకం ఏంటి? మస్ట్ నాట్ హావ్ అని చెయ్యెత్తినవాళ్ళు చేతులు దించండి, మీ తప్పేం లేదు, అలాగే అనిపిస్తుంది. అమెరికావాళ్ళు అంటారు కూడా, హి మస్ట్ నాట్ హావ్ హర్డ్ మి అని. బ్రిటిష్ ఇంగ్లీషులో, అంటే మీ పరీక్షల్లో ఎక్కువగా అడిగేదాంట్లో, కాంట్ హావ్ అనాలి, లేదా కుడెంట్ హావ్. హి కాంట్ హావ్ హర్డ్ మి.

మన మిర్చియార్డుకి రండి. ఇక్కడ మిర్చి రైతుల పిల్లలు ఎంతమంది? ఆ, సగం మంది. కొనేవాడు టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పాడు, కాయ చేతిలోకి తీసుకున్నాడు, రంగు చూశాడు, నలిపాడు. కొనేవాడు ఏమంటాడు? "ఇవి మంచులో తడిసుంటాయి." దీజ్ మస్ట్ హావ్ గాట్ వెట్. "సరిగ్గా ఆరబెట్టుండరు." దే కాంట్ హావ్ బీన్ డ్రైడ్ ప్రాపర్లీ. మీ నాన్న ఏమంటాడు? "తడవలేదయ్యా, కల్లంలో పట్టాలు కప్పి నేనే పడుకున్నా." వి కవర్డ్ దెమ్. సింపుల్ పాస్ట్. చూశారా, మళ్ళీ అదే. కొనేవాడు మస్ట్, అమ్మేవాడు పాస్ట్. కొనేవాడి దగ్గరున్నది కాయ ఒక్కటే. మీ నాన్న దగ్గరున్నది ఆ రాత్రి. మరి రేటు ఎవరి వ్యాకరణాన్ని బట్టి పడుతుందనేది నన్నడక్కండి.

అందులో ఇంకో మెలిక. కొనేవాడు కాస్త మెత్తని మనిషైతే "సరిగ్గా ఆరకపోయి ఉండొచ్చు" అంటాడు. దే మైట్ నాట్ హావ్ డ్రైడ్ ప్రాపర్లీ. కాంట్ హావ్‌కీ, మైట్ నాట్ హావ్‌కీ ఎంత తేడా ఉందో చూడండి. కాంట్ హావ్ అంటే తలుపు మూసేసినట్టు, ఆరి ఉండే అవకాశమే లేదని. మైట్ నాట్ హావ్ అంటే ఆరి ఉండొచ్చు, ఆరకపోయీ ఉండొచ్చు. మన పిల్లలు కుడ్ నాట్ హావ్ అనేదాన్ని మైట్ నాట్ హావ్ లాంటిదే అనుకుంటారు, కుడ్ మెత్తన కాబట్టి. నాట్ చేరగానే కుడ్ మెత్తదనం పోతుంది. కుడ్ హావ్ మైట్ పక్షం, కుడెంట్ హావ్ కాంట్ పక్షం. ఈ ఒక్కటి మాత్రం రాసుకోండి, నేనేమీ అనను.

కుడ్ సంగతి వచ్చింది కాబట్టి. ఐ కుడ్ హావ్ టేకెన్ ఎంపీసీ. ఇది ఊహా? కాదు. ఎంపీసీ తీసుకోగలిగేవాణ్ణి, తీసుకోలేదు, బైపీసీలో చేరాను. జరగనిదని తెలుసు. సమ్‌బడీ కుడ్ హావ్ టేకెన్ యువర్ అంబ్రెల్లా. ఇది ఊహ. ఎవరైనా తీసుకుని ఉండొచ్చు. మాట అదే, రూపం అదే. తేడా దేన్ని బట్టి తెలుస్తుంది? సంగతి తేలిందా తేలలేదా అన్నదాన్ని బట్టి. మైట్ హావ్ కూడా ఇంతే. నదిలో కొట్టుకుపోతున్న కుర్రాణ్ణి పడవవాళ్ళు లాగారు, బతికాడు. హి మైట్ హావ్ డ్రౌన్డ్. అమ్మో, మునిగిపోయేవాడే. ఇక్కడ మే హావ్ అనకండి. హి మే హావ్ డ్రౌన్డ్ అంటే ఇంకా దొరకలేదని, గాలిస్తున్నారని అర్థం చేసుకునేవాళ్ళుంటారు. ఈమధ్య ఇంగ్లీషువాళ్ళే ఈ రెంటినీ కలిపేస్తున్నారనుకోండి. వాళ్ళు కలిపినా మీరు కలపకండి. బతికినవాడింటికి ఆ మాట మోసుకెళ్ళడం బాగుండదు.

సరే, ఇప్పుడు నాకిష్టమైన చోటికి వస్తాను. అమరావతి. మన పాత గుంటూరు జిల్లా అమరావతి, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. దీపాల దిన్నె అనేవాళ్ళు ఆ చోటుని. 1797లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు అక్కడికొచ్చాడు, అప్పటికే అక్కడ తవ్వకాలు మొదలై చెక్కిన రాళ్ళు బయటపడుతున్నాయి. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ రెండు రాకల మధ్యలో రాళ్ళు చాలా పోయాయి. కొన్ని ఇళ్ళకీ గుళ్ళకీ పోయాయి, కొన్ని సున్నానికి కాల్చేశారు. అది సున్నపురాయే కదా మరి. మిగిలినవాటిలో చాలావరకు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ లండన్లో ఉన్నవాటిలో ఒక పలక ఉంది. రెండు వైపులా చెక్కి ఉంటుంది. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. బుద్ధుడి బొమ్మ లేదు. అది క్రీస్తు పూర్వపు పని అంటారు. రెండోవైపు స్తూపం చెక్కారు, కిక్కిరిసిన పని, చోటన్నది వదల్లేదు, అది మూడేసి శతాబ్దాల తర్వాతది. ఒకే రాయి! ఇప్పుడు చెప్పండి, ఏం జరిగి ఉంటుంది? ఎవరూ రాసిపెట్టలేదు. చూసినవాడెవడూ లేడు. రాయి ఒక్కటే ఉంది మన దగ్గర.

మొదటి వాక్యం నేను చెబుతాను. ది స్లాబ్ మస్ట్ హావ్ బీన్ టర్న్డ్ రౌండ్. దాన్ని తిప్పి ఉండాలి. బీన్ ఎందుకొచ్చింది? రాయి తనంతట తాను తిరగదు కాబట్టి. ప్యాసివ్. మస్ట్ హావ్ బీన్ ప్లస్ వి త్రీ. ఇక్కడ మస్ట్ అనడానికి మనకి హక్కుందా? ఉంది. రెండు వైపులా రెండు కాలాల పని కనపడుతోంది, తిప్పకుండా అది కుదరదు.

రెండో వాక్యం మీరు చెప్పండి. ఈ రెండూ చెక్కిన శిల్పులు? ఆ, అద్భుతం. దే కాంట్ హావ్ నోన్ ఈచ్ అదర్. ఒకరినొకరు ఎరిగుండరు. మూడు వందల ఏళ్ళు అడ్డం ఉంటే మైట్ నాట్ అనే మొహమాటం ఎందుకు? కాంట్ హావ్ అని తలుపు మూసెయ్యండి.

మూడోది. ఎందుకు తిప్పారు? కొత్త రాయి దొరక్క తిప్పారా? ఖర్చు కలిసొస్తుందని తిప్పారా? పాత పద్ధతి నచ్చక, కొత్తగా స్తూపాన్ని అలంకరించాలని తిప్పారా? పాత చెక్కడం పవిత్రం కాబట్టి చెరపకుండా లోపలివైపు దాచారా? చెప్పండి, ఇక్కడ మస్ట్ అనగలరా? అనలేరు. దే మైట్ హావ్ వాంటెడ్ ఎ న్యూ స్టైల్. దే మే హావ్ బీన్ షార్ట్ ఆఫ్ స్టోన్. దే కుడ్ హావ్ బీన్ సేవింగ్ మనీ. చూడండి, ఏం జరిగిందన్నదానికి మస్ట్, ఎందుకు జరిగిందన్నదానికి మైట్. రాయి జరిగినదాన్ని చూపిస్తుంది. మనిషి మనసులో ఏముందో రాయి చూపించదు. మన టీవీ చర్చల్లో ఈ రెండోదానికి మస్ట్ వాడేస్తుంటారు. వాడు ఇందుకే చేసుంటాడు, ఇందుకే చేసుంటాడు. వాడి మనసులోకి ఎప్పుడెళ్ళొచ్చావయ్యా నువ్వు?

ఒక్క నిమిషం, సేవింగ్ అన్నాను కదా. హావ్ బీన్ ప్లస్ ఐఎన్‌జీ. ఆ సమయంలో సాగుతున్న పని. మెకంజీ రెండోసారి వచ్చేనాటికి ఆ మధ్యలో పీపుల్ మస్ట్ హావ్ బీన్ టేకింగ్ స్టోన్స్ అవే ఫర్ ఇయర్స్. ఒక్కరోజులో పోలేదు, ఏళ్ళతరబడి మోస్తూ ఉండి ఉంటారు. అంతే, దానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఉచ్చారణ గురించి రెండు ముక్కలు. మీరు మస్ట్, హావ్, అని విడివిడిగా పలికితే వినేవాడికి అర్థమౌతుంది, ఇబ్బందేమీ లేదు. మీరు వినేటప్పుడే ఇబ్బంది. ఇంగ్లీషువాళ్ళు మస్టవ్, కుడవ్, మైటవ్ అంటారు. హావ్‌లో హ మింగేస్తారు. కాంటవ్ కూడా అంతే. లిజనింగ్ టెస్టుల్లో చాలామంది పడిపోయేది అక్కడే. ఆ మింగుడు వల్లే ఇంగ్లీషు పిల్లలు మస్ట్ ఆఫ్ అని ఓ ఎఫ్ పెట్టి రాస్తారు, వాళ్ళ టీచర్లు ఎర్రపెన్నుతో కొట్టేస్తారు. తప్పులు వాళ్ళకీ ఉన్నాయి, మనకే అనుకోకండి.

ఇక మర్యాద. యు మస్ట్ హావ్ బీన్ టైర్డ్ అంటే ఎంత బాగుంటుంది? నిన్న ప్రయాణం చేసొచ్చినవాళ్ళతో అంటే, మీ కష్టం నేనూహించగలను అని. అదే మస్ట్ హావ్‌తో యు మస్ట్ హావ్ టేకెన్ ఇట్ అంటే? నువ్వే తీసుంటావ్. కొట్లాట. ఆధారం ఒకటే కావచ్చు, కానీ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఒక మెట్టు దిగి, కుడ్ యు హావ్ టేకెన్ ఇట్ బై మిస్టేక్ అని అడగండి. ఇది కూడా ఇదే వ్యాకరణం, ప్రశ్న రూపం. ప్రశ్నలో మస్ట్ దాదాపు రాదు, కుడ్ గానీ కెన్ గానీ వస్తాయి. వేర్ కెన్ హి హావ్ గాన్? ఎక్కడికెళ్ళుంటాడు? రోజూ సాయంత్రం ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్నే.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చివర్లో నీలం చొక్కా. "సార్, నిన్న నేను బ్యాంకుకి వెళ్ళాల్సి వచ్చింది అనడానికి ఐ మస్ట్ హావ్ గాన్ టు ది బ్యాంక్ అనొచ్చా?" మంచి ప్రశ్న అడిగావు. అనకూడదు. వెళ్ళాల్సి రావడం అంటే బలవంతం, దానికి పాస్ట్‌లో హాడ్ టు. ఐ హాడ్ టు గో టు ది బ్యాంక్. మస్ట్ హావ్ టు గో అని రెండూ కలిపి కూడా రాస్తుంటారు, అదీ వద్దు. నువ్వు ఐ మస్ట్ హావ్ గాన్ టు ది బ్యాంక్ యెస్టర్డే అన్నావనుకో, నిన్న ఏం చేశావో నీకే గుర్తులేదు, పాస్‌బుక్‌లో ఎంట్రీ చూసుకుని, ఓహో వెళ్ళే ఉంటానులే అంటున్నావని అర్థం. ఎవరైనా వింటే నిన్న నీకేమైందని కంగారుపడతారు.

"మరైతే ఐ అని ఎప్పుడూ వాడకూడదా సార్?" ఎందుకు వాడకూడదమ్మా, వాడొచ్చు. ఐ మస్ట్ హావ్ లెఫ్ట్ మై ఫోన్ ఇన్ ది ఆటో. ఎవరైనా అనే మాటే ఇది. జేబు తడుముకున్నావు, బ్యాగు వెతికావు, ఫోను లేదు, ఆటో దిగేటప్పుడు చిల్లర కోసం ఫోను పక్కన పెట్టినట్టు గుర్తు. వదిలేసిన క్షణాన నీ ధ్యాస ఎక్కడో ఉంది కాబట్టే వదిలేశావు, అందుకని నీ సంగతికి నువ్వే బయటివాడివి. చూసి ఉంటే ఐ లెఫ్ట్ ఇట్ అనేదానివి. చూసి ఉంటే అసలు వదిలేదానివే కాదనుకో.